ఎడమ పక్కన తూర్పు

ఒక కంపెనీకి ఏడు ఉత్తరాలు రాశాను. నాలుగు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకాలు పెట్టిన కార్డులు నాలుగూ నా దగ్గర ఉన్నాయి. మూడు మెయిల్లో పంపాను. మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది, "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని. నేను అభిప్రాయం చెప్పలేదు. ఒక నోటుపుస్తకం అడిగాను. నీలం అట్ట, రూళ్ళ కాగితం, వెనక అట్ట మీద టీ మరక. ఉందా లేదా అని అడిగాను. ఒక్క మాటతో తేలిపోయే సంగతికి ఇన్ని నెలలుగా నన్ను మనిషిగా లెక్కచేయలేదు కాబట్టి, ఆ పుస్తకం కథ మొదట్నుంచీ నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. ఒకప్పటి నా స్నేహితుడు విక్టర్ కూడా చదువుతాడు. తన పేరు ఎక్కడ కనపడినా ఆగి చదవకుండా వెళ్ళలేడు, ఆ గుణం నాకు తెలుసు.

మొన్న వేసవిలో మధురవాడలో ఒక ఆఫీసుకి ఏసీలు బాగుచెయ్యడానికి వెళ్ళాను. నా పని అదే. కంప్యూటర్ గేములు తయారుచేసే కంపెనీ అని లోపలికి వెళ్ళేదాకా తెలియదు. నిచ్చెన భుజాన పెట్టుకుని గాజు తలుపు తోసేసరికి ఎదురుగా గోడ నిండా ఒక పటం. రూళ్ళ కాగితం మీద నీలి ఇంకుతో గీసినదాన్ని ఫోటో తీసి, మనిషెత్తు పెంచి, అద్దం బిగించారు. మధ్యలో గెడ్డ పారుతోంది. గెడ్డ అవతల ఇనుము, కొండ కింద బొగ్గు, ఎడమ పక్కన చిన్న చిన్న అలలు గీసి సముద్రం. ఆ సముద్రం పక్కన "తూర్పు" అని రాసి ఉంది. ఏ పటంలోనైనా తూర్పు కుడి పక్కన ఉంటుంది. ఎడమ పక్కన తూర్పు రాసినవాడు నాకు తెలిసి ఒక్కడే. వాడు నిచ్చెన మోస్తూ అక్కడే నిలబడి ఉన్నాడు.

ముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నేను చూడడం చూసి నవ్వింది. "బాగుంది కదండీ? మా సార్ కుర్రప్పుడు చేత్తో గీసిందండి" అంది. మీ సారెవరమ్మా అన్నాను. విక్టర్ గారండి అంది. "తూర్పు తప్పు రాశారు కదా" అన్నాను. "అదే కదండీ స్పెషలు! వైజాగోడికి సముద్రం ఎటుంటే అటే తూర్పు అని మా సార్ ప్రతి మీటింగులోనూ సెప్తారండి. అందరూ ఎంత నవ్వుతారో!" పటం కింది మూలన పెన్సిల్‌తో రాసిన వంకర అక్షరాలు వేరే ఉన్నాయి. "పొడుగ్గా పరవాలి. అడ్డంగా కొయ్యాలి." ఆ రాత మా నాన్నది. "ఇది కూడా మీ సార్ రాతేనా?" అని అడిగాను. "అంతా సార్‌దేనండి" అంది. ఆ తర్వాత కొంచెం విసుగ్గా, "ఏసీ పని మొదలెడతారాండి?" అంది. మొదలుపెట్టాను. నాలుగు ఏసీలు విప్పి, కడిగి, బిగించి వచ్చాను. ఏం చేశానో నాకు గుర్తు లేదు.

మా ఇల్లు కూర్మన్నపాలెంలో. రెండు గదులు, వెనక చిన్న పెరడు. నాన్న స్టీల్ ప్లాంటులో ముడిసరుకు యార్డులో పనిచేసేవాడు. ఓడల్లో వచ్చిన బొగ్గూ, రైళ్ళలో వచ్చిన ఇనపరాయీ, సున్నపురాయీ గుట్టలుగా పోసే చోటు అది. పొద్దున్న షిఫ్టు రోజుల్లో మధ్యాహ్నం రెండున్నర దాటాక సైకిల్ స్టాండు చప్పుడు వినపడేది. నాన్న ముందు గుమ్మంలోంచి వచ్చేవాడు కాదు. సందులోంచి పెరట్లోకి వెళ్ళి, చొక్కా విప్పి గోడకేసి కొట్టేవాడు. ఎర్రటి దుమ్ము లేచి మందార ఆకుల మీద పడేది. అమ్మ ఆ బట్టలు మా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో నానేసేది, ఆ బకెట్ అడుగు ఎన్నిసార్లు తోమినా ఎరుపు పోలేదు. ఎర్ర సబ్బు వాసన, పొయ్యి మీద వేగే ఎండు నెత్తళ్ళ వాసన, తడిసిన ఇనుము వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో భోజనాల వేళ అయినట్టు. నాన్న కంచం ముందు కూర్చుని తిన్నంతసేపూ మాట్లాడేవాడు కాదు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం లేని కొడుకుతో మాట్లాడడానికి ఆయనకీ ఏమీ ఉండేది కాదేమో. నేను ముద్దలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకుని తినేవాణ్ణి.

విక్టర్ వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. వాళ్ళ నాన్నగారు పోర్టులో గుమాస్తా. కొడుకు నేర్చుకుంటాడని కంప్యూటర్ కొన్నారు. విక్టర్ నేర్చుకున్నది ఒక ఆట. ఆ ఆట తెలియనివాళ్ళకి చెబుతాను. తెర మీద ఒక చిన్న మనిషి ఊరూ పేరూ లేని నేల మీద దిగుతాడు. చుట్టూ పటమంతా నల్లగా ఉంటుంది, వాడు నడిచినంత మేరే వెలుగు వస్తుంది. అలా నడిచి నడిచి ఇనుము ఎక్కడుందో, రాగి ఎక్కడుందో, బొగ్గూ చమురూ ఎక్కడున్నాయో వెతకాలి. తవ్వాలి, కరిగించాలి, బెల్టుల మీద ఫ్యాక్టరీకి పంపాలి. తయారైన సరుకులో కొంత ప్రయోగశాలకి పంపిస్తే, అక్కడ పరిశోధన సాగి కొత్త విద్య ఒకటి చేతికొస్తుంది. ముందు మర, తర్వాత ఉక్కు, తర్వాత విద్యుత్తు, అలా పైకి. ఇంకా రాని విద్యల మీద చిన్న తాళం బొమ్మ ఉండేది. మేం పరిశోధన అనేవాళ్ళం కాదు, "తాళం తియ్యడం" అనేవాళ్ళం.

వాళ్ళింట్లో తిరిగే కుర్చీ ఒకటే. అందులో ఎప్పుడూ విక్టరే. నాకు ప్లాస్టిక్ స్టూలు, అది కూడా ఒక కాలు పగిలింది. నడిచి వెతికేది నేను, కట్టేది తను అని పని పంచుకున్నాం. నడిచేటప్పుడైనా కుర్చీ ఇవ్వమంటే, "కుర్చీ నా నడుముకి అలవాటైపోనాది బావ" అనేవాడు. ఇది చిన్న విషయమే. అయినా మరిచిపోలేదు. వాళ్ళమ్మగారు మరియమ్మ ఆంటీ మాత్రం బంగారం లాంటి మనిషి. ఆట మొదలుపెట్టే ముందు ఇద్దరినీ కళ్ళు మూసుకోమనేవారు. ప్రార్థన చివర్లో, "ప్రభువా, ఈ పిల్లలకి ఉద్యోగాలు దొరికినట్టు చెయ్యి, అందాకా ఆ బొగ్గేదో దొరికినట్టు చెయ్యి" అనేవారు. విక్టర్ కళ్ళు తెరిచి, "అమ్మా, బొగ్గు నిన్ననే దొరికింది. ఇయ్యాల రాగి అడుగు" అనేవాడు. ఆవిడ వాడి నెత్తి మీద ఒకటి ఇచ్చి, వెంటనే రాగి కూడా అడిగేవారు.

దొరికిన చోటల్లా నేను పుస్తకంలో గీసేవాణ్ణి. ఏ గుట్టలో ఎంత సరుకు, ఏ తాళానికి ఏ సరుకు ఎంత కావాలి, ఏది ముందు తీస్తే తర్వాతది తేలిక, అన్నీ అందులోనే. వాటికి పేర్లు పెట్టింది కూడా నేనే. గెడ్డ అవతలి రాగికి తగరపువలస అని, ఎప్పుడూ జనం లేని ఇసక మేటకి పిన్నిగారిల్లు అని. తూర్పు గొడవ కూడా అక్కడే వచ్చింది. చమురు ఎక్కడుందని విక్టర్ అడిగితే, "తూర్పు. సముద్రం ఏపు" అన్నాను. వాడు చిన్న మనిషిని కుడి పక్కకి అరగంట నడిపించి, "ఏట్రా ఇది, ఇక్కడ కొండలు తప్ప ఏటీ లేదు!" అని అరిచాడు.

"సముద్రం ఏపు ఎల్లమన్నాను కదా బావ."

"సముద్రం ఎడం పక్కనుంది. ఎడం పక్క పడమరరా అప్పల్రాజూ!"

"సముద్రం పడమరలో ఉంటాదేటి?" అన్నాను. నిజంగానే అడిగాను. పుట్టింది మొదలు పొద్దు సముద్రంలోంచి లేవడమే చూశాను. ఇంట్లో, వీధిలో, బస్సులో దారి చెప్పేటప్పుడు సముద్రం వైపు, కొండ వైపు అనే అంటాం. తూర్పు అన్న మాటకి నా బుర్రలో సముద్రం తప్ప ఇంకో అర్థం లేదు. విక్టర్ కుర్చీలోంచి జారిపడేలా నవ్వాడు. "అమ్మా, రా, రాజుగాడు సూర్యుణ్ణి కూడా తిప్పీసేడు!" అని కేకేశాడు. ఆ తర్వాత చర్చి దగ్గర, టీ కొట్టు దగ్గర, కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. వారం రోజులు నన్ను వీధిలో "తూర్పు" అని పిలిచారు. నేను మొండివాణ్ణి, పుస్తకంలో దిద్దలేదు. పటం చివరిదాకా సముద్రం పక్కన తూర్పు అనే రాశాను.

ఉక్కు తాళం దగ్గర మేం ఆగిపోయాం. మాకు రెండు చోట్ల ఇనుము దొరికింది, ఒకటి మంచి రాయి, ఒకటి మట్టి రాయి. మంచిదే వాడితే చాలదు, మట్టిది ఒక్కసారిగా వస్తే కొలిమి ఆగిపోతుంది. ప్రయోగశాలకి ఇనుము వెళ్ళడం లేదు, తాళం కదలడం లేదు. పది పన్నెండు రోజులు అదే అవస్థ. ఒక మధ్యాహ్నం కంచం ముందు నా మొహం చూసి నాన్నే నోరు విప్పాడు. "ఏటలాగున్నావు?" ఆట గురించి చెబితే తిడతాడని భయపడుతూనే చెప్పాను. నాన్న అన్నం కలపడం ఆపేశాడు. "ఓస్, దీనికేటి! మేం దినం సేసే పనే కదా ఇది" అని, కంచంలో అన్నాన్ని పొడుగ్గా గట్టులా పరిచాడు. దాని మీద పొడుగ్గా పప్పు. దాని మీద ఊరగాయ. మళ్ళీ అన్నం. "ఇప్పుడు ఇలాగ అడ్డంగా తియ్యి. ఒక్క ముద్ద." తీసి తిన్నాను. "ఏటొచ్చింది?" "అన్నీ వచ్చాయి నాన్నా." "ఎక్కడ కోసినా అన్నీ వత్తాయి. పొడుగ్గా పరవాల, అడ్డంగా కొయ్యాల. అప్పుడు పొయ్యికి ఏ రోజుకారోజు ఒకటే తిండి." అమ్మ వంటింట్లోంచి, "కంచంలో యార్డు పెట్టకండి, ముందు తినండి" అంది. నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి నా పుస్తకం అడిగి, పటం ఉన్న పేజీలోనే ఖాళీ మూల చూసి పెన్సిల్‌తో ఆ రెండు మాటలూ రాశాడు. ఐదో తరగతి చదువు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ రాశాడు.

నాన్న చెప్పినట్టు కట్టిన రోజే ఉక్కు తాళం ఊడింది. "మీ నాన్న బుర్రే బుర్ర బావ" అన్నాడు విక్టర్. ఆ మాట అన్నవాడికి ఆ రాత ఎవరిదో తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ రోజు నుంచి నాన్న సైకిల్ దిగుతూనే, చొక్కా గోడకి కొట్టకముందే, "ఇయ్యాల ఏ తాళం తీసేరు?" అని పెరట్లోంచి అడిగేవాడు. భోజనాలయ్యాక పుస్తకం ముందేసుకుని, బెల్టు ఎక్కడ వంగాలో, గుట్టకీ గుట్టకీ ఎంత ఎడం ఉండాలో గీసి చూపించేవాడు. అలా ఆరు పేజీలు నిండాయి. మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలన్నీ పోగేస్తే ఆ ఆరు పేజీల చుట్టూ జరిగినవే ఎక్కువ. అంతకు ముందు లేవు, తర్వాత నేను పనిలో పడ్డాక పెద్దగా లేవు.

చివరి తాళం ఒక్కటి మిగిలినప్పుడు నేను తగరపువలసలో పెద్దమ్మగారింట్లో పెళ్ళికి వెళ్ళాల్సొచ్చింది. "నాను వచ్చినదాకా అది తియ్యకు బావ, నాన్నని కూడా తీసుకొత్తాను, సూస్తాడు" అన్నాను. "తియ్యను, ఒట్టు" అన్నాడు విక్టర్. మూడు రోజుల తర్వాత, నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని నాతో వాళ్ళింటికి వచ్చాడు. తాళం తీసేసి ఉంది. తెర మీద అభినందనలు, కింద విక్టర్ పేరు ఒక్కటే. "కరెంటు పోతాదేమోనని తీసీసేను బావ" అన్నాడు. నాన్న ఆంటీ ఇచ్చిన టీ తాగి, "బాగుంది బాబూ" అని లేచాడు. నేనేమో, వాడు "రెండ్రోజులు ఇయ్యి బావ, మళ్ళీ మొదట్నుంచి ఆడి సూత్తాను" అంటే పుస్తకం చేతికిచ్చి వచ్చాను.

రెండు రోజులు రెండు నెలలయ్యాయి. ఆలోగా తుఫాను వచ్చింది. వాళ్ళ పెరటి గది రేకులు ఎగిరిపోయాయి. గాలి తగ్గగానే నేనే ముందు పరిగెత్తాను, విరిగిన కొమ్మలు లాగాను, నీళ్ళు ఎత్తి పోశాను. "బావా, నీ పుస్తకం కూడా తడిసి ముద్దైపోనాది. ఆ సెత్తలో పడీసేను" అన్నాడు విక్టర్, తల వంచుకుని. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. "పోనీలే, మనుషులు బాగున్నారు కదా" అని వాణ్ణి ఓదార్చింది నేను. ఆ తర్వాత వీధి చివర పోసిన చెత్తకుప్పలో కర్రతో రెండు పూటలు వెతికాను. తడిసిన పుస్తకాలు చాలా దొరికాయి. పంచాంగం దొరికింది, ఎవరిదో రేషన్ కార్డు దొరికితే తీసుకెళ్ళి ఇచ్చాను. నీలం అట్ట దొరకలేదు. నేను వెతుకుతున్నంతసేపూ విక్టర్ వరండాలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఒకసారి, "అటు పక్క సూడు బావ" అని కూడా అన్నాడు.

నాన్న అప్పుడప్పుడూ అడిగేవాడు, "మన పుస్తకం ఏదిరా?" అని. మన పుస్తకం అనేవాడు. పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "విక్టర్ దగ్గరుంది నాన్నా" అనేవాణ్ణి. మంచాన పడ్డాక కూడా ఒకసారి అడిగాడు, అప్పుడూ అదే చెప్పాను. పోయేముందు కూడా ఆయనకి అబద్ధమే చెప్పానన్న బాధ నన్ను చాలా ఏళ్ళు తిననివ్వలేదు. మధురవాడలో ఆ గోడ ముందు నిచ్చెన పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది, నేను చెప్పింది అబద్ధం కాదు. పుస్తకం విక్టర్ దగ్గరే ఉంది. ఆ పటం మీద ఎక్కడా నీటి మరక లేదు, ఒక్క అక్షరం కూడా అలుక్కుపోలేదు.

ఆ రోజుల్లో ఒక పటం కావాలంటే కాళ్ళు నొప్పి పుట్టేంత నడవాలి, తెర మీద నడక అయినా సరే. ఎక్కడ ఏముందో ఒకడు వెతికి చెబితేనే రెండోవాడు కట్టగలిగేవాడు. యార్డులోనూ అంతే. నాన్న దుమ్ములో నిలబడి గుట్ట సరిగ్గా పోయకపోతే అవతల కొలిమి దగ్గరివాళ్ళకి పని నడవదు, ఆ సంగతి వాళ్ళకి తెలుసు, పండక్కి ఇంటికి వచ్చి నాన్న భుజం తట్టి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆ గాజు ఆఫీసులో దుమ్ము లేదు, చల్లగా ఉంటుంది, ఆ చల్లదనం కూడా నేను బాగుచేసినదే. పొద్దున్నే వచ్చే పిల్లలు ఆ గోడ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. వెతికినవాడి పేరు అక్కడ లేదు. నేను తప్పు చేస్తే నా తప్పని ఊరంతా చెప్పుకొచ్చిన మనిషి, ఆ తప్పుకి చప్పట్లు వస్తాయని తెలిశాక అది తనదంటున్నాడు. ఒప్పులు తీసుకున్నా ఇంత కష్టం అనిపించేది కాదు. తప్పు కూడా నాకు మిగల్చలేదు.

మూడో ఉత్తరం తర్వాత నేనే ఆ భవనం కింద పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. పదిన్నరకి కారు దిగాడు. నన్ను చూసి, "బావా! ఎన్నాళ్ళైందిరా!" అని చేతులు చాచాడు. కావలించుకున్నాడు. వాడి దగ్గర ఏదో ఖరీదైన సెంటు వాసన. ఉత్తరాలు అందాయా అన్నాను. "ఆఫీసోళ్ళు సూసుకుంటారు బావ, నాను సెప్తాను." లిఫ్టు వచ్చింది. వెనకే వెళ్ళి తలుపు మధ్య చెయ్యి పెట్టాను. "నాన్న రాసిన ఆరు పేజీలు ఉన్నాయా? అది సెప్పు సాలు."

"ఏ పేజీలు బావ?"

"పుస్తకం. నీలం అట్ట."

"ఏ పుస్తకం?" అన్నాడు ఫోన్లోకి చూస్తూ. లిఫ్టులో ఉన్న కుర్రాళ్ళు నా చెయ్యి వంక చూశారు. తీశాను. తలుపు మూసుకుంది.

నాకు డబ్బు అక్కర్లేదని ఏడు ఉత్తరాల్లోనూ రాశాను. గోడ మీది పటం దింపమని కూడా ఇప్పుడు అడగడం లేదు. నా పేరు రాయమని మొదటి రెండు ఉత్తరాల్లో అడిగాను, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను, కానీ అది తర్వాత మాట్లాడుకుందాం. మా నాన్న చేత్తో రాసినవి ఈ లోకంలో ఆ పటం మూలన ఉన్న రెండు మాటలూ, ఆ ఆరు పేజీలే. సంతకాలు తప్ప ఆయన ఇంకెక్కడా ఏమీ రాయలేదు. మా అమ్మ ఇంకా ఉంది. గోడ మీద నాన్న రాత చూశానని ఆమెకి చెప్పాను. అప్పట్నుంచీ నేను ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా, "ఇచ్చేడా?" అంటోంది. ఆమెకి ఈసారి నేను ఊహించి చెప్పదలుచుకోలేదు.

విక్టర్, నువ్వు ఇది చదువుతున్నావు. మీ ఆఫీసోళ్ళని అడగడం లేదు, నిన్నే అడుగుతున్నాను. ఆ పేజీలు ఉన్నాయా? చింపేశావా? పారేశావా? ఉంటే ఏ బీరువాలో ఉన్నాయి, ఏ రోజు వచ్చి తీసుకోమంటావు? ఉన్నాయని చెప్పినా వింటాను, లేవని చెప్పినా కూర్చుని వింటాను. మా అమ్మకి ఎదురుగా నిలబడి చెప్పడానికి నాకు ఒక మాట కావాలి, అది నీ నోటితో రావాలి. జవాబు చెప్పు.